జడ కట్టిన పిల్ల

సాయన్న ఆ కబురు చెప్పినప్పుడు మరియ చేతిలో ఉల్లిగడ్డల సంచి ఉంది. కామారెడ్డి గంజ్ బజారులో పొద్దుటి బేరాలు ఇంకా తెగలేదు. మిషన్ బోర్డింగులో వంట చేసే మరియ కూరగాయల కోసం వచ్చింది. సాయన్న కందుల బండి తోలుకొని ఎల్లారెడ్డి అవతలి ఊరి నుంచి వచ్చాడు. ఆమె పుట్టిన ఊరు కూడా అదే.

"మీ అక్క సాలవ్వ తన బిడ్డను ఎల్లమ్మకు ఇస్తున్నది," అన్నాడు సాయన్న, ఎద్దు మెడ తడుముతూ. "ఎరుకేనా నీకు?"

"భూదేవినా?"

"ఇంకెవలున్నరు ఆ ఇంట్ల. రేపు మంగళారం. పొద్దు గూకంగ పట్టం."

మరియ సంచి కింద పెట్టింది. "పద్నాలుగేండ్ల పిల్ల సాయన్నా అది. ఏం తప్పు చేసిందని?"

"తప్పు కాదు. జడ కట్టింది. వానకాలం గత్తరల కక్కుడు, బేదులై తమ్ముడు పోయిన కాంచి పిల్లకు ఉలుకు లేదు, పలుకు లేదు. తల దువ్వనియ్యది. పొద్దంత గోడకు కూసుంటది. నెత్తి మీద తాడు లెక్క జడ ఎల్లింది. ఎల్లమ్మ అడిగిందన్నరు పెద్దమనుషులు."

అది అల్లుకునే జడ కాదు. నూనె లేక, దువ్వెన తగలక, వెంట్రుకలు అట్టకట్టి ముద్దైన జడ. ఆడపిల్ల తలమీద అది కనిపించిందంటే దేవత కోరినట్టేనని ఆ చుట్టుపక్కల ఊళ్ల నమ్మకం. దానికి కత్తెర తగిలిస్తే కళ్లు పోతాయని భయం. పట్టం కట్టిన పిల్లకు ఇక పెండ్లి ఉండదు. ఆమె జోగిని, దేవతది అంటారు. నిజానికి ఊరి పెద్దలది. ఆ రెండో మాట ఎవరూ పైకి అనరు.

"పిల్ల ఏమంటున్నది?"

"ఏమంటది? పీట మీద కూసోవెట్టి అడుగుతరు గదా, ఎల్లమ్మకు పోతవా బిడ్డా అని. పిల్ల ఒద్దంటే కట్టొద్దు, అది రివాజు. నోరే లేనిది ఒద్దని ఎట్లంటది? ఊకుంటే ఒప్పుకున్నట్టే." సాయన్న గొంతు తగ్గించాడు. "పటేలింటి కాడికెళ్లి కొత్త చీర గూడ అచ్చింది."

మరియకు ఆ చీర సంగతి విన్నాక ఇంకేమీ వినాలనిపించలేదు.

ఆ రోజు ఎల్లారెడ్డి మోటరు బస్సు అప్పటికే వెళ్లిపోయింది. మర్నాడు పొద్దున్నే మొదటి మనిషిగా ఎక్కి కూర్చుంది. సగం దారిలో టైరు పగిలింది. డ్రైవరు దిగి, టైరును కాలితో తన్ని, నీడ చూసుకొని బీడీ ముట్టించాడు.

"ఎంతసేపయితది అన్నా?" అని అడిగింది మరియ.

"ఎంతసేపైతే అంతసేపు. తొందరుంటే నడువు అవ్వా, ఎనకసీరి అచ్చి ఎక్కించుకుంట."

మరియ నడిచింది. ఆ మోటరు ఆమెను దాటిపోనేలేదు. ఎల్లారెడ్డి దాటి, కాలువ గట్టు పట్టుకొని, ఊరి వాడలోకి అడుగుపెట్టేసరికి పొద్దు పడమటికి వాలుతోంది. సాలవ్వ ఇంటి ముందు పచ్చని పందిరి వేసి ఉంది. వేపమండలు వేలాడుతున్నాయి. పందిరి నడుమ పసుపు రాసిన పీట.

సాలవ్వ బోనానికి బియ్యం కడుగుతోంది. చెల్లెల్ని చూసి కూడా చేయి ఆపలేదు.

"అచ్చినవా. కొడుకు పోయిననాడు రాలే. బిడ్డ పోయేనాడు అచ్చినవ్."

"గత్తరని మోటర్లు బందువెట్టిరి అక్కా. నాకు కబురందేసరికి అంతా అయిపాయె."

"నీ దేవుడు సెలవియ్యలేదనుకున్న."

"అక్కా, పిల్లను ఇయ్యకు."

సాలవ్వ అప్పుడు తల ఎత్తింది. కళ్ల కింద నల్లగా గుంటలు. ఆర్నెల్లలో పదేళ్లు మీద పడ్డట్టుంది. "ఇయ్యకుంటే గుంజుకుంటది. మొక్కు మర్చిపోయిన, నా కొడుకు మైసన్ని గుంజుకున్నది. ఇప్పుడు దీని నెత్తి మీద చెయ్యేసింది. అడిగింది ఇచ్చేస్తే బతికన్న ఉంటది. నా కండ్ల ముందలన్న ఉంటది. మొగడు బొంబాయి పోయి పత్తా లేడు. నేనొక్కదాన్ని. ఇంకొక పీనుగను నేను మొయ్యలేను చెల్లె."

అక్క దయలేక ఇవ్వడం లేదు, భయపడి ఇస్తోంది. భయంతో వాదించి ఎవరు గెలిచారు?

పందిరి కింది నుంచి కులపెద్ద హనుమాండ్లు కర్ర తాటిస్తూ వచ్చాడు. తెల్ల రుమాలు, మెత్తని గొంతు. ఆ గొంతు ఎప్పుడూ పెరగదు. పెంచాల్సిన అవసరం అతనికి ఏనాడూ రాలేదు.

"మరియవ్వా, మతం పుచ్చుకున్నోళ్లు పందిట్ల కాలు వెట్టొద్దు. దూరంకెళ్లి సూసి పో బిడ్డా. ఎవలు ఒద్దనరు."

అంతలో ఇంటి వెనక నుంచి ఆడవాళ్ల గొణుగుడు వినిపించింది. పిల్లకు నలుగు పెట్టాలి, తలకు నూనె పెట్టాలి, నీళ్లు పోయాలి. నలుగుపిండి కలిపారు, నీళ్లు కాచారు. జడ ముట్టుకోవడానికి మాత్రం ఎవరికీ చేతులు రావడం లేదు. ఒకామె ఇంకొకామెను ముందుకు తోస్తోంది. ఆ ఇంకొకామె తనకు చంటిపిల్ల ఉందంటోంది.

మరియ అప్పటికప్పుడు నిర్ణయించుకుంది.

"బాపూ, ఆ జడ నేను ముట్టుకుంట," అంది. "నేను ఎట్లాగు మీ దేవతకు బయటిదాన్నే. కోపమొస్తే నాకే తగుల్తది, మీ ఆడోళ్లకు తగలది. నూనె వెట్టి, నీళ్లు వోసి పిల్లను అప్పజెప్త. పందిట్ల కాలు వెట్టను."

హనుమాండ్లు ఆమెను తేరిపార చూశాడు. "కత్తెర?"

"ఎతుక్కోండ్రి." మరియ కొంగు దులిపి చూపింది. "ఒక్క ఎంటిక కోసినా నన్ను ఇక్కడనే కట్టేయుండ్రి."

అతనికి ఇందులో నష్టం కనిపించలేదు. ఆడవాళ్లు భయపడి నలుగు ఆలస్యమైతే ముహూర్తం దాటుతుంది. "ఎంకవ్వ కాపలా ఉంటది," అన్నాడు. "పొద్దు గూకంగ జమిడిక మోగుతది. ఆలోపట కానియ్యి."

ఇంటి వెనక తడికెల చాటు చేశారు. లోపల బండమీద భూదేవి కూర్చొని ఉంది. మోకాళ్ల చుట్టూ చేతులు బిగించి, నేలను చూస్తోంది. మరియ చివరిసారి చూసినప్పుడు ఈ పిల్ల గడగడా మాట్లాడుతూ, తమ్ముణ్ని చంకనెత్తుకొని వాడంతా తిరిగేది. ఇప్పుడు భుజాల ఎముకలు రవికెలోంచి పొడుచుకొస్తున్నాయి. తల వెనక నుంచి నడుము దాకా బూడిదరంగు ముద్ద వేలాడుతోంది.

తడికె మొదట్లో ఎంకవ్వ చతికిలబడి చుట్ట ముట్టించింది. ఆమె తల నెరిసిన జోగిని. పిల్లగా ఉన్నప్పుడే ఆమెకు పట్టం కట్టారు.

"సూడు మరియవ్వా," అంది ఎంకవ్వ, "నా కండ్లు పోయినయనుకోకు. సగమే పోయినయి. కత్తెర్లు కనవడే సగం మంచిగనే ఉన్నది."

మరియ భూదేవి ఎదురుగా కూర్చుంది. "బిడ్డా, నేను చిన్నవ్వను. ఏమైందో నాకు జెప్పు. నీకు గిదంత ఇష్టమేనా? ఒద్దంటే ఒద్దను."

భూదేవి కళ్లు నేల మీది నుంచి కదల్లేదు. మరియ గడ్డం పట్టుకొని ముఖం పైకెత్తబోయింది. పిల్ల శరీరమంతా కట్టెలా బిగుసుకుపోయింది.

"అట్ల అడిగితే పలుకుతదా," అంది ఎంకవ్వ. "నెలల కొద్ది మీ అక్క అడిగింది. హనుమాండ్లు అడిగిండు. మంత్రగాడు చెప్పుతోని అడిగిండు. సూడు ఈపుల."

మరియ పక్కకు వంగి చూసింది. రవికె కింది వీపుమీద వాతలు మాని, నల్లబడి ఉన్నాయి.

తొందరలో తానూ అదే పని చేస్తున్నానని ఆమెకు అప్పుడు తెలిసింది. గడ్డం వదిలేసి, లేచి, పిల్ల వెనక్కి వెళ్లి కూర్చుంది. బోర్డింగులో శనివారం శనివారం ఆడపిల్లల తలలు దువ్వేది మరియే. ముఖాముఖి అడిగితే పిల్లలు ఏమీ చెప్పరు. వెనక నుంచి తల దువ్వుతుంటే, ఎవరి ముఖమూ చూడనక్కర లేనప్పుడు, ఇంటి మీది బెంగ దగ్గర నుంచి పీడకలల దాకా అన్నీ వాటంతటవే బయటికొస్తాయి. అది ఆమె ఎప్పుడూ ఒక ఉపాయంగా అనుకోలేదు. తల దువ్వడమంటే అంతే అనుకుంది.

ఇవ్వాళ మాత్రం పొద్దు ఆమెను తరుముతోంది.

గోరువెచ్చని ఆముదం చేతిలో పోసుకొని జడకు పట్టించింది. ముద్ద మొదలును ఎడమచేత్తో బిగించి పట్టుకొని, కొస నుంచి మొదలుపెట్టింది. సన్నని జొన్నపుల్లతో ఒక్కో పాయను కదిలించి, వేళ్లతో విడదీసి, మళ్లీ నూనె. మొదట ఏ వెంట్రుకా కదల్లేదు. తరువాత చిటికెనవేలు పొడుగున ఒక పాయ ఊడి వచ్చింది.

ఎంకవ్వ చుట్ట నోట్లోంచి తీసింది. "నూనె వెడ్తనన్నవ్. ఇప్పుతున్నవేంది?"

"కోసుడొద్దన్నరు. ఇప్పొద్దని ఎవలన్నరు?"

ముసలామె కాసేపు ఆలోచించింది. "అవు, అనలే," అని మళ్లీ చుట్ట పెట్టుకుంది.

మరియ ఏమీ అడగలేదు. ఊరికే మాట్లాడింది. బోర్డింగులో తుల్సి అని తండా పిల్ల ఉందని, వచ్చిన కొత్తలో మనుషులతో మాట్లాడేది కాదని, మేకతో మాత్రం తెల్లందాకా ముచ్చట పెట్టేదని చెప్పింది. "ఆఖరుకు మిషన్ దొరసాని అమ్మగారు మేకను అడిగింది, తుల్సి ఏమంటున్నదే అని. మేక ఆమె టోపీ తిన్నది."

ఎంకవ్వ కిసుక్కున నవ్వి దగ్గింది. భూదేవి నవ్వలేదు. కానీ మోకాళ్ల చుట్టూ బిగిసిన చేతుల్లో ఒకటి జారి బండమీద ఆనింది.

తడికె నీడ బండమీదికి పాకింది. జడలో మూడో వంతు విడిపోయి వీపంతా పరుచుకుంది. ఒకచోట చిక్కు మరీ గట్టిగా ఉండి, ఆమె కొంచెం గట్టిగా లాగింది.

"మెల్లగ, చిన్నవ్వా."

ఆ గొంతు తుప్పుపట్టిన గొళ్లెంలా ఉంది. ఎంకవ్వ చేతిలో చుట్ట అలాగే ఆగిపోయింది. మరియ మాత్రం చేతులు ఆపలేదు.

"మెల్లగనే తీస్త తియ్యి," అంది, రోజూ మాట్లాడే పిల్లకు జవాబిచ్చినట్టు.

ఇంకో పాయ ఊడింది. తరువాత భూదేవి నేలతో చెప్పినట్టు చెప్పింది.

"మైసడు నా మూలంగనే సచ్చిండు."

"ఊ," అంది మరియ.

"నీళ్లడిగిండు. గత్తరల నీళ్లియ్యొద్దు గదా. ఇస్తే సస్తరు గదా. అవ్వ కడవ మీద బండ వెట్టింది. నన్ను కాపలా వెట్టి ఎల్లమ్మ గుడికి ఉరికింది. వాడు అక్కా దూప, అక్కా దూప అని నా కాళ్లు వట్టుకున్నడు. నాలిక కట్టె అయింది. బండ తీసి చెంబుతోని వోసిన." పిల్ల ఊపిరి తీసుకుంది. "పొద్దు వొడిసేసరికి పోయిండు."

ఆ ఊళ్లలో అందరిదీ అదే నమ్మకం. గత్తర వచ్చిన వాడికి నీళ్లు పోస్తే ప్రాణం పోతుందని, కడవలు దాచేవారు. మరియ ముందు తనకు తెలిసింది వెతుక్కుంది.

"కామారెడ్డిల మా దవాఖానల ఉప్పేసి నీళ్లు తాగిస్తరు బిడ్డా, గత్తరోళ్లకు. తాగి బతికినోళ్లను సూసిన. తాగి పోయినోళ్లను గూడ సూసిన. మైసడు ఎందుకు పోయిండో నాకు ఎరుకలేదు. నీళ్లకే పోయిండని మాత్రం నేననుకోను."

"నీకు ఎరుకలేదు," అంది భూదేవి. "ఎల్లమ్మకు ఎరుక. అందుకే నా నెత్తి వట్టుకున్నది. నన్ను ఇచ్చేస్తే ఆమె కోపం పోతది. అవ్వకు మల్ల ఏం గాదు. అందుకనే పెద్దమనుషులు అడిగిననాడు తల ఊపిన."

మరియ వేళ్లు ఆగాయి. ఊరంతా ఈ పిల్లను బలవంతంగా పీట ఎక్కిస్తోందని ఆమె వచ్చింది. ఈ పిల్ల తనంతట తాను శిక్ష వేసుకొని నడుస్తోంది.

"మీ అవ్వకు ఈ నీళ్ల సంగతి ఎరుకేనా?"

"లే. చెప్పకు. చెప్తే ఆమె సస్తది. ఒట్టు వెయ్యి చిన్నవ్వా, చెప్పనని."

మరియకు ఒక్క క్షణం అక్క దగ్గరికి పరిగెత్తాలనిపించింది. నాలుగు మాటలు చెబితే ఈ పందిరి కూలిపోవచ్చు. లేదా సాలవ్వ కూలిపోయి, బిడ్డను తన చేత్తోనే పీట మీదికి తోయవచ్చు. ఏది జరిగినా ఈ పిల్ల మళ్లీ ఎవరితోనూ మాట్లాడదు.

"ఒట్టు," అంది. "నేను చెప్ప. అది నీ మాట. చెప్పినా నువ్వే, దాసినా నువ్వే. కాని ఒక్కటి బిడ్డా. పట్టం కట్టినంక గూడ ఈ మాట నీ లోపటనే ఉంటది. ఎల్లమ్మ దాన్ని తీసుకపోదు."

"తీసుకపోదు," అంది ఎంకవ్వ తడికె దగ్గర నుంచి. వాళ్ల వంక చూడలేదు. "ఏది తీసుకపోదు."

వాడ మొదట్లో ఎల్లమ్మ కొలుపుల ఒంటితీగ జమిడిక మోగింది.

తడికె తొలగింది. సాలవ్వ, చేతిలో పటేలు పంపిన పచ్చచీర. బిడ్డ వీపుమీద పరుచుకున్న వెంట్రుకలు చూసి ఆమె ముఖం పాలిపోయింది.

"ఏం జేసినవే." చీర కింద పడింది. "జడ ఇప్పినవా? దాని పానం తియ్యనీకె అచ్చినవా? ఒకడు చాలలేదా?" చెల్లెలి జుట్టు పట్టుకొని వంచింది. మరియ చేతులు అడ్డం పెట్టలేదు.

"అవ్వా," అంది భూదేవి. "చిన్నవ్వను కొట్టకు."

సాలవ్వ చేయి గాలిలో ఆగింది. వానాకాలం నుంచి వినని గొంతు అది. బిడ్డ ముఖం చూసింది, చెల్లెలి ముఖం చూసింది, పట్టిన జుట్టు వదిలింది. జమిడిక దగ్గరవుతోంది.

భూదేవి లేచి నిలబడింది.

"అవ్వా, మైసడు నీళ్లు తాగిండు."

"ఏంది?"

"నువ్వు గుడికి పోయినప్పుడు. బండ నేనే తీసిన. నేనే వోసిన. నా మూలంగనే పోయిండు. నన్ను ఎల్లమ్మకు ఇచ్చెయ్యి."

మరియ ఇద్దరి మధ్యకూ వెళ్లబోయి ఆగింది.

"తాగిండా?" అంది సాలవ్వ.

"తాగిండు."

"ఎంత తాగిండు?"

"చెంబెడు. మల్ల అడిగితే మల్ల వోసిన."

"తాగి ఏమన్నడు?"

"సల్లగున్నయి అన్నడు. అక్కా, నువ్వు గూడ తాగు అన్నడు."

సాలవ్వ బండమీద కూలబడింది. ఏడుపు కాదది. లోపల ఏదో తెగినట్టు ఒక మూలుగు వచ్చింది.

"నన్నడిగిండు. నా కొంగు వట్టుకొని అడిగిండు. ఈ చెయ్యితోని వాని నోరు మూసిన. దూపతోని పోయిండనుకున్న. పండుకుంటే వాడే, లేస్తే వాడే, అవ్వా నీళ్లు, అవ్వా నీళ్లు." ఆమె తన అరచేతిని చూసుకుంది. "నేను కడవల నీళ్లు ముంచుకొని ఒక్కనాడు గూడ కడుపునిండ తాగలే బిడ్డా. వాడు తాగిండా?"

భూదేవి అలాగే చూస్తూ నిలబడింది. తాను ఇన్నాళ్లూ అవ్వ గోడవైపు తిరిగి పడుకోవడం తన మీది కోపమనుకుంది.

"సాలవ్వా," అని పందిట్లోంచి హనుమాండ్లు పిలుపు. "పిల్లను తే."

సాలవ్వ లేచింది. కింద పడిన చీర తీయలేదు. బిడ్డ చెయ్యి పట్టుకొని ఇంటి పక్కగా పందిరి అంచుకు వచ్చింది. సగం జడ, సగం విడిపోయిన జుట్టుతో ఉన్న పిల్లను చూసి జనం గుసగుసలాడారు.

"నేను ఇయ్య," అంది సాలవ్వ.

హనుమాండ్లు చిరునవ్వు చెదరలేదు. "మొక్కింది నువ్వే. ఇప్పుడు నీ మాట నడువది. రివాజు ప్రకారం పిల్లనే అడుగుత." భూదేవిని పీట మీద కూర్చోబెట్టాడు. "బిడ్డా, ఎల్లమ్మకు పోతవా?"

జమిడిక ఆగింది. మరియ పందిరి బయటే నిలబడింది. తాను చేయగలిగింది ఇక ఏమీ లేదు. పిల్ల పెదాలు కదిలాయి. శబ్దం రాలేదు. మళ్లీ కదిలాయి. ఆమె కళ్లు జనాన్ని దాటి అవ్వను వెతికాయి. సాలవ్వ తల ఊపలేదు, సైగ చేయలేదు. ఊరికే చూసింది, ఆర్నెల్లుగా చూడనట్టు చూసింది.

"ఒద్దు," అంది భూదేవి.

అది ఊపిరి కంటే కొంచెం పెద్దది, అంతే.

"పిల్ల ఏమనలే," అన్నాడు హనుమాండ్లు, మెత్తగానే. "జమిడిక కొట్టుండ్రి."

జమిడిక మీద పుల్ల పడేలోపు ఒక ముడతల చెయ్యి తీగను పట్టేసింది. ఎంకవ్వ.

"నాకు ఇనవడ్డది," అంది.

"నీకు చెవులు సరిగ లేవు ముసలిదానా."

"కండ్లు లేవు. చెవులు మంచిగున్నయి. మల్ల అడుగు, అందరు ఇంటరు."

హనుమాండ్లు మళ్లీ అడగలేదు. రెండోసారి ఆ మాట అందరికీ వినిపిస్తే ఏమవుతుందో అతనికి తెలుసు. రుమాలు సర్దుకున్నాడు. "రేపటికెళ్లి ఈ ఇంటికి నిప్పు లేదు, నీళ్లు లేవు. ఈళ్లకు బాయికి ఎవలన్న తోవ ఇస్తే ఆళ్లు గూడ కులానికి బయటనే. పటేలుకు జవాబు సాలవ్వనే చెప్పుకుంటది." కర్ర తాటిస్తూ వెళ్లాడు. అతని వెనక జనం ఒక్కొక్కరే కదిలారు. ఎంకవ్వ చివర వెళ్లింది. వెళ్తూ ఎవరి వంకా చూడలేదు.

పందిరి కింద ముగ్గురు మిగిలారు. రేపు నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకోవాలో, పటేలు మనుషులు ఎప్పుడు వస్తారో, పొద్దున మోటరు ఉంటుందో లేదో మరియ లెక్కలు వేస్తోంది. పిల్లను కామారెడ్డి తీసుకెళ్తే బోర్డింగులో చోటు అడగాలి. అక్కను ఒక్కదాన్ని ఇక్కడ వదలకూడదు.

"అవ్వా," అంది భూదేవి. "నేను నీళ్లు వొయ్యకుంటే వాడు బతుకుతుండెనా?"

"ఎరుకలేదు బిడ్డా," అంది సాలవ్వ. పీట పక్కన నేలమీద కూర్చుంది. "వాడు తాగి ఏమన్నడో మల్ల చెప్పు."

భూదేవి చెప్పింది. ఈసారి మొదటి నుంచి.